పాత బట్టలు పంచడం కాకుండా అపార్ట్‌మెంట్‌లో పనికొచ్చే పని ఏం చేయొచ్చు?

విభాగం: మన నగరం / హైదరాబాద్

నిజాంపేట్_బాల్కనీ
ఏప్రిల్ 11, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది నిజాంపేట్‌లో స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద అయిదంతస్తులు, 60 ఫ్లాట్లు. ఈ ఏడు కొత్త కమిటీ వేశారు. ఎవరూ ముందుకు రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. మొన్న మీటింగ్‌లో ప్రెసిడెంట్ గారు "ఎంతసేపూ మెయింటెనెన్స్ వసూలు చేయడమేనా, సమాజానికి మనవంతు ఏదైనా చేద్దాం" అన్నారు. మంచిదే. వెంటనే వచ్చిన ఐడియాలు: పాత బట్టలు పోగేసి పంచడం, ఏదైనా ఆశ్రమంలో ఒక పూట భోజనం, జూన్‌లో మొక్కలు. తెల్లారేసరికి గ్రూపులో ఫ్లెక్సీ డిజైన్ కూడా పడింది.

అదే మీటింగ్‌లో రెండో అంశం ట్యాంకర్లు. మాకున్న రెండు బోర్లలో ఒకటి ఫిబ్రవరిలోనే చేతులెత్తేసింది. మూడో అంశం, పనివాళ్ళు, డెలివరీ కుర్రాళ్ళు మెయిన్ లిఫ్ట్ ఎక్కకూడదని నోటీసు అంటించాలా వద్దా అని.

సేవ వేరు, నీళ్ళు వేరు, లిఫ్ట్ వేరు అన్నట్టు చర్చ నడిచింది. నాకెందుకో మూడూ ఒకటే అనిపించింది కానీ అక్కడ నోరు పెగల్లేదు. మీ కాలనీల్లో నిజంగా నిలబడిన పనులుంటే చెప్పండి. ఫొటో దిగి వదిలేసినవి వద్దు.

కంకర_ఇసుక
ఏప్రిల్ 11, రాత్రి 11:05

మొక్కల సంగతి తర్వాత. ముందు ఆ పోయిన బోరును ఎవరూ పూడ్చకుండా చూడండి మేడం. నేను సివిల్ పనులు చేయించేవాణ్ణి, లెక్క చెప్తాను.

60 ఫ్లాట్లు, అయిదంతస్తులు అంటే మీ టెర్రస్ తక్కువలో తక్కువ 15,000 చదరపుటడుగులు ఉంటుంది, అంటే సుమారు 1,400 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. ఆవిరైనది, పొంగిపోయింది తీసేసి 80 శాతం పట్టుకున్నా దాదాపు తొమ్మిది లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చూస్తే 175కు పైనే. ఇప్పుడా నీళ్ళన్నీ పైపుల్లోంచి నేరుగా రోడ్డు మీదికి వదిలేస్తున్నారు, అవునా?

అలాగని దీనితో ట్యాంకర్లు మానేయొచ్చని నేను చెప్పను. మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది ప్రభుత్వ ఇంజనీర్లు వేసే లెక్క. ఇంటికి నలుగురనుకుంటే మీ 60 ఇళ్ళకు రోజుకు 32 వేల లీటర్లు దాటుతుంది. అంటే పైన చెప్పిన వానంతా మీ నెల రోజుల వాడకం కూడా కాదు. పైగా భూమిలోకి పంపిన నీరు మీ బోరులోనే ఆగుతుందన్న హామీ లేదు, మన కింద ఉన్నది గ్రానైటు, పగుళ్ళు ఎటుంటే అటు పోతుంది. పక్క అపార్ట్‌మెంట్ బోరులో తేలొచ్చు. మీటింగ్‌లో ఈ మాట ముందే చెప్పండి. లేకపోతే వచ్చే ఏప్రిల్‌లో "గుంట తవ్వించావుగా, నీళ్ళేవి?" అని మిమ్మల్నే పట్టుకుంటారు.

పని ఇలా: పోయిన బోరు చుట్టూ ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంట తవ్వాలి. బోరులో దించిన కేసింగ్ పైపుకు, గుంటలో ఉన్నంత మేర, రంధ్రాలు వేసి నైలాన్ జాలీ గట్టిగా చుట్టాలి. అడుగున 40 ఎం.ఎం. కంకర, దాని మీద 20 ఎం.ఎం., ఆ పైన దొడ్డు ఇసుక, అన్నిటికంటే పైన కొంత ఖాళీ. టెర్రస్ పైపు అందులోకి. మొదటి వాన నీటిని మాత్రం బయటికి వదిలేయడానికి ఒక వాల్వు పెట్టించండి, పావురాల రెట్ట అంతా అందులోనే వస్తుంది. ఇంకోటి, పని అయ్యేదాకా బోరు నోరు తెరిచి ఉంచొద్దు, పిల్లలు తిరిగే చోటు.

సాయంత్రం_చాయ్
ఏప్రిల్ 11, రాత్రి 11:31

కంకరన్నా, లెక్క మస్తుంది. గానీ 60 ఫ్లాట్ల గ్రూపుల దండం బొమ్మ పెట్టేటోళ్లు 58 మంది, గుంటకాడికి దిగేటోళ్లు ఇద్దరుంటరు. ఆ ఇద్దరిల ఒకరు ఈ అక్క. 😄

ఫ్లాటుకొక నీళ్ల మీటరు పెట్టుండ్రి. ఎవరెంత వాడితే వాళ్లే అంత కట్టాలె. మా దిక్కు అది పెట్టినంక కార్లు పైపుతోని కడుగుడు బందైంది, బకెట్లు బయటికొచ్చినయ్. ఉపన్యాసం అక్కర్లేకుంటనే.

గేటెడ్_గృహస్థు
ఏప్రిల్ 12, ఉదయం 6:48

మీటర్లకు మా దగ్గర ఒప్పుకోలేదు. అద్దెకుండేవాళ్ళు ఎక్కువ, ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గరే ఆగిపోయింది. నీళ్ళ పనులు అన్నీ మంచివే కానీ సేవా కార్యక్రమాలను అంత తేలిగ్గా తీసేయొద్దు. పాత బట్టలైనా ఎవరికో ఒకరికి పనికొస్తాయి కదా. ఏమీ చేయని అపార్ట్‌మెంట్ల కంటే నయమే.

దమ్మాయిగూడ_పోరడు
ఏప్రిల్ 12, ఉదయం 7:20

అందరు నీళ్ల ముచ్చట వెట్టిన్రు, నేను చెత్త ముచ్చట వెడ్త. మాది దమ్మాయిగూడ. జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ మాకు దగ్గర్నే. సిటీ చెత్త దినాం వేల టన్నులు మా దిక్కే వస్తది. పాత గుట్టను ప్లాస్టిక్ పొర, మట్టి కప్పి మూసిన్రు. 2020ల చెత్తతోని కరెంటు తీసే ప్లాంటు గూడ షురూ చేసిన్రు. అయినా వానకాలం గాలి ఇటు మళ్లిందంటే కిటికీలు బంద్ చేసుకొని బువ్వ తినాలె. గుట్టకెల్లి కారిన నల్లనీళ్లు మల్కారం చెరువుల కలిసినయ్. చుట్టం వస్తడంటే వాన లేని రోజు చూసుకొని రమ్మంటం.

ఆ వాసన దేనిదనుకుంటున్రు? ప్లాస్టిక్‌ది గాదు. ఇంట్ల మిగిలిన అన్నం, కూర, తొక్కలు కవర్ల మూట గట్టి పడేస్తరు సూడు, లోపల గాలాడక మురిగి మురిగి వచ్చే వాసన. ఆ తడి ఉంటే కరెంటు ప్లాంటుల గూడ సక్కగ మండది. మీ తడి చెత్త మీ గేటు దాటకుంటే సాలు. మా ఊరికి అంతకంటె పెద్ద సేవ ఇంకోటి లేదు. పాత బట్టలు మాకు వద్దు అన్నా, మీరే ఉంచుకోండ్రి.

ఆకుపాదు
ఏప్రిల్ 12, ఉదయం 9:02

తమ్ముడూ, ఆ వాసన మాకూ తెలుసు, మాది సైనిక్‌పురి. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

@నిజాంపేట్_బాల్కనీ గారూ, మా 24 ఫ్లాట్లలో తడి చెత్త కిందే ఎరువవుతోంది. ఖరీదైన మిషన్లు అమ్మేవాళ్ళు వస్తారు, తొందరపడకండి. 200 లీటర్ల డ్రమ్ములకు చుట్టూ రంధ్రాలు పెట్టిస్తే చాలు. అడుగున జానెడు మందం ఎండుటాకులు. దాని మీద ఒక పొర కూరగాయల తొక్కలు, మళ్ళీ అంత మందం ఎండుటాకులు. మొదట్లో పులిసిన మజ్జిగ చల్లండి, కొంచెం బెల్లం నీళ్ళు కూడా. వారం దాటాక పొద్దున్నే మూత తీస్తే ఆవిరి మొహానికి కొడుతుంది, మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అలా ఉంటే సరిగ్గా నడుస్తున్నట్టు. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకో బుట్టెడు ఆకులు వేసి కలిపితే సాయంత్రానికి తగ్గుతుంది. తెల్లటి లావుపాటి పురుగులు కనిపించి మా రెండో ఫ్లోర్ ఆవిడ కెవ్వుమంది. అవి మంచివే, తిండి తిని పోతాయి. మాంసం, ఎముకలు, నూనె ఓడే కూరలు మాత్రం వేయొద్దు. ఎండాకాలం రాలే ఆకులన్నీ గోతాల్లో నింపి పెట్టుకోండి, వానాకాలంలో బంగారం. నెలన్నర రెండు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది, తడి మట్టి వాసన తప్ప ఇంకేమీ ఉండదు.

కష్టం డ్రమ్ములో లేదు. "రోజూ ఇదంతా కలిపేదెవరు?" అన్న దగ్గరే అసలు కథ. మా దగ్గర మొదట్లో ఆ పని మెట్లు ఊడ్చే ఆమె నెత్తిన పడేశారు. జీతం అదే. ఇళ్ళల్లోంచి తడీ పొడీ కలిపి పంపిస్తే ఆమె వంగి చేత్తో ఏరేది. మూడో నెలలో మానేసి వెళ్ళిపోయింది. అప్పుడు గానీ కమిటీకి అది ఒక పని అని, దానికి ఒక కూలి ఉంటుందని తట్టలేదు. కొత్తగా వచ్చినామెకు కలిపే పనికి విడిగా డబ్బిస్తున్నాం, గ్లౌజులూ పొడవు పిడి ఉన్న పార ఇచ్చాం. కలిపి పంపిన ఇంటి చెత్త ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఆగుతుంది. ఆ అధికారం ఆమెకే ఇచ్చాం, సెక్రటరీకి కాదు.

బెంగళూరు_బావ
ఏప్రిల్ 12, ఉదయం 10:40

దమ్మాయిగూడ తమ్ముడి మాట చదువుతుంటే మా మండూరు గుర్తొచ్చింది. మాది అనంతపురం, ఇరవై ఏళ్ళుగా బెంగళూరులోనే. ఇక్కడివాళ్ళకు చెత్త మీద తెలివి ఊరికే రాలేదు. మావళ్ళిపుర వాళ్ళు ఇక మా ఊళ్ళో వేయొద్దన్నారు. లారీలు మండూరుకు మళ్ళాయి. అక్కడివాళ్ళూ 2014లో రోడ్డెక్కారు, అదీ మూసేయాల్సి వచ్చింది. ఆ మధ్యలో వీధుల్లో గుట్టలు పడ్డాయి. ముక్కు మూసుకుని నడిచినప్పుడు తడీ పొడీ వేరు చేయడం నేర్చుకున్నారు. 2012 అక్టోబరు నుంచే రూలు ఉంది, ఆచరణ తర్వాత వచ్చింది.

ఇక్కడి పద్ధతి సులువు: తడికి ఆకుపచ్చ డబ్బా, డైపర్లూ ప్యాడ్లూ లాంటివాటికి ఎర్ర డబ్బా, పొడికి ఒక సంచి. ప్యాడ్లు పేపర్లో చుట్టి దాని మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టమంటారు. ఏరేవాళ్ళు తెలియక విప్పకుండా ఉండడానికి. ఇంత చిన్న పని, నేరుగా ఒక మనిషి చేతిని కాపాడుతుంది.

ఇంకో సంగతి. పొడి చెత్త కేంద్రాలు కొన్నిటిని చెత్త ఏరుకుని బతికినవాళ్ళే నడుపుతున్నారు, హసిరు దళ అనే సంస్థ వాళ్ళను కూడగట్టింది. అట్ట ఏది, పాల ప్యాకెట్ ఏది, చిప్స్ కవర్ ఏది, దేనికి ఎంత రేటు, వాళ్ళకు తెలిసినంత మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు తెలియదు.

సెల్లార్_గది
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:15

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే కానీ రాయలేదు. @గేటెడ్_గృహస్థు గారి "ఎవరికో ఒకరికి పనికొస్తాయి" అన్న మాటకు రాస్తున్నాను.

మా అమ్మానాన్న పాలమూరు నుంచి వచ్చి అమీర్‌పేట దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేశారు. నేను పెరిగింది సెల్లార్లో, మోటారు గది పక్కన. ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాను. మీరిచ్చే పాత బట్టల మూటలు ఎక్కువగా మా ఇంటికే వచ్చేవి. దసరాకు ఒకసారి, సంక్రాంతి ముందు ఇల్లు సర్దుకున్నప్పుడు ఇంకోసారి. జిప్పు పోయిన పంజాబీ డ్రెస్సులు, ఒంటి సాక్సు, రంగు దిగిన జాకెట్లు. అమ్మ అందరి ముందూ నవ్వుతూ తీసుకునేది, రాత్రికి కూర్చుని ఏరేది. పనికొచ్చేవి నాలుగు. మిగతావి పారేద్దామంటే ఇచ్చినవాళ్ళు డస్ట్‌బిన్‌లో చూస్తారని భయం. చీకటి పడ్డాక నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళి ఎక్కడో పడేసి వచ్చేవాడు. మీ అల్మారా ఖాళీ చేసే పని కూడా జీతం లేకుండా మేమే చేశాం అన్నమాట.

మాకు నిజంగా కావాల్సింది ఏమిటో చెప్పనా? బాత్‌రూమ్. మాకైనా గది వెనక ఒకటి ఉండేది. ఇళ్ళల్లో పని చేసే ఆంటీలకు అదీ లేదు. పొద్దున ఆరింటికి వచ్చి అయిదిళ్ళు చేసి ఒంటి గంటకు వెళ్ళేవాళ్ళు. ఏ ఇంట్లోనూ బాత్‌రూమ్ వాడనివ్వరు, అడగడానికి వీళ్ళకు మొహమాటం. అందుకని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో కూడా. ఒకామె మా అమ్మను అడిగి మా బాత్‌రూమ్ వాడుకుంటే, "సెల్లార్లో గుంపు చేరుతున్నారు" అని నాన్నకు మెమో ఇచ్చారు.

మూడు అంశాలూ ఒకటే అనిపించిందన్నారు కదా మేడం. నాకూ అంతే.

ఆకుపాదు
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:52

అమ్మా, నువ్వు రాసింది మా కమిటీ గ్రూపులో పెట్టొచ్చా? పేరు లేకుండానే.

సెల్లార్_గది
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:10

పెట్టండి ఆంటీ.

గేటెడ్_గృహస్థు
ఏప్రిల్ 12, సాయంత్రం 5:33

బాత్‌రూమ్ విషయంలో ఒప్పుకుంటున్నాను, అది ఉండాల్సిందే. కానీ లిఫ్ట్‌ను దాంతో కలపొద్దు. మాకు రోజుకు వందల డెలివరీలు. స్కూలు టైములో పిల్లలు, పెద్దవాళ్ళు లిఫ్ట్ కోసం పది నిమిషాలు నిలబడాలి. సర్వీస్ లిఫ్ట్ కట్టిందే అందుకు. ఇందులో ఎవర్నీ తక్కువ చేసేదేమీ లేదు, భద్రత కూడా చూసుకోవాలి కదా.

సాయంత్రం_చాయ్
ఏప్రిల్ 12, సాయంత్రం 5:58

అన్నా, సామాన్లు సర్వీస్ లిఫ్ట్‌ల, మనుషులు ఏ లిఫ్ట్‌లైనా. గంతే ఉండాలె రూలు. మీరు ఫ్రిజ్ తెచ్చుకున్నా సర్వీస్ లిఫ్ట్‌లకే వోవాలె, పనామె వట్టి చేతులతోని వస్తె మెయిన్ లిఫ్ట్ ఎక్కాలె. గట్ల రాయమనండ్రి నోటీసు, ఎంతమంది సంతకం పెడ్తరో సూద్దాం.

భద్రత అంటున్రు. ఇంటి తాళంచెవి ఇచ్చి, పిలగాన్ని ఎత్తుకోమని ఇచ్చి, లిఫ్ట్ కాడికొచ్చేసరికి భద్రత యాదికొస్తదా?

గేటెడ్_గృహస్థు
ఏప్రిల్ 12, సాయంత్రం 6:20

సామాను, మనిషి అన్న తేడా బాగుంది. ఒప్పుకుంటా. కానీ అక్కడ ఓటింగ్ పెడితే మీరే చూస్తారు.

చెన్నై_చిత్తూరు
ఏప్రిల్ 12, రాత్రి 8:45

వాన నీళ్ళ గురించి ఒక్క మాట. మా చెన్నైలో 2003లోనే జయలలిత ప్రభుత్వం ప్రతి ఇంటికీ ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసింది. కొన్నేళ్ళు బ్రహ్మాండంగా పని చేసింది, బావుల్లో నీళ్ళు పైకొచ్చాయి. తర్వాత ఎవరూ వాటి మొహం చూడలేదు. 2019 జూన్‌కు చెరువులన్నీ ఎండి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్నాం. అప్పుడు మూతలు తీసి చూస్తే గుంటలు బురదతో గట్టిపడి ఉన్నాయి. కాబట్టి తవ్వించడానికి డబ్బు పోగేసిన రోజే, ఏటా మే నెలలో పై ఇసుక తీసి కడిగించడానికి కూడా బడ్జెట్‌లో ఒక గీత గీయండి.

బర్కత్‌పుర_పెద్దాయన
ఏప్రిల్ 13, ఉదయం 5:40

పిల్లలందరికీ ఆశీస్సులు. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. నిద్ర పట్టక రాస్తున్నాను.

మీరంతా కొత్తగా ఏం మొదలెడదామా అని చూస్తున్నారు. ఇప్పటికే మీ డబ్బుతో నడవాల్సినవి సరిగా నడుస్తున్నాయో లేదో చూసే అలవాటు కూడా సంఘసేవే. ఉదాహరణకు గ్రంథాలయం. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఎంతమందికి తెలుసు? ఈ ఊళ్ళో 1901లో, నిజాం రోజుల్లో, తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన కాలంలో నలుగురు చందాలేసుకుని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. వాళ్ళకు కమ్యూనిటీ హాలు లేదు, మీకు ఏసీ హాలుంది, ఏడాదిలో పది పుట్టినరోజులకు తప్ప తాళం తీయరు.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ హాలు తెరవండి. వాచ్‌మన్ పిల్లలూ, పనివాళ్ళ పిల్లలూ, మీ పిల్లలూ ఒకే బల్ల దగ్గర హోంవర్క్ చేసుకుంటారు. పాఠం చెప్పే ఓపిక లేకపోయినా ఫర్వాలేదు. లైటు, ఫ్యాను, కూర్చునే చోటు, ఈ మూడూ సెల్లార్ గదిలో ఉండవు. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది వీధి లైటు కింద కాదు, ఎవరో ఒకరి అరుగు మీద చదువుకున్నారు. అరుగులు పోయి గేట్లు వచ్చాయి. అది నా ఫిర్యాదు, మీరు పట్టించుకోనక్కర్లేదు.

సెల్లార్_గది
ఏప్రిల్ 13, ఉదయం 9:30

మాస్టారూ, నేను టెన్త్ చదివింది కరెంటు మీటర్ల బోర్డు పక్కన స్టూలు వేసుకుని. ఆ బల్బు ఒక్కటే రాత్రంతా వెలిగేది.

బ్యాంకు పని కాబట్టి ఒక పనికొచ్చే సంగతి చెప్తాను. మీ స్టాఫ్‌లో ఎంతమందికి ఇన్సూరెన్స్ ఉందో అడగండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ళ దాకా చేరొచ్చు. జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 50 ఏళ్ళ లోపు చేరాలి. రెండూ కలిపి 456. అపార్ట్‌మెంట్ తరఫున వాచ్‌మన్‌కు, ఊడ్చేవాళ్ళకు, సెక్యూరిటీకి ఆ డబ్బు ఏటా మే నెలలో వాళ్ళ ఖాతాలో వేయండి, అదే నెలాఖరులో కట్ అవుతుంది. ఖాతాలో బ్యాలెన్స్ లేక పాలసీ ఆగిపోయినవాళ్ళను నేను కౌంటర్ దగ్గర చూస్తుంటాను. నామినీ పేరు రాసి ఉందో లేదో కూడా చూడండి. అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు కూడా చేయించొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఫ్లెక్సీ ఖర్చుతో పది మందికి బీమా అవుతుంది.

ఇంకొకటి. మీ వాచ్‌మన్ కుటుంబం సెల్లార్లో ఉంటే కరెంటు ప్యానెల్ ఎక్కడుందో చూడండి. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు మా సెల్లార్ నిండింది. నీళ్ళు మంచం ఎత్తు వచ్చేదాకా పైన ఎవరికీ తెలియదు. నాన్న ముందు మెయిన్ ఆపి, తర్వాత మమ్మల్ని పైకి పంపాడు. కార్లు పోయినవాళ్ళకు ఇన్సూరెన్స్ వచ్చింది.

కంకర_ఇసుక
ఏప్రిల్ 13, ఉదయం 10:05

ప్యానెల్ సెల్లార్లో ఉంటే కనీసం నేల నుంచి మనిషి ఎత్తుకు లేపించండి. బయట రోడ్డు నీళ్ళు ర్యాంపు మీదుగా దిగకుండా ర్యాంపు మొదట్లో అడుగు ఎత్తు గట్టు కూడా. మేడం వాళ్ళది స్టిల్ట్ అన్నారు కాబట్టి కొంత నయం.

దమ్మాయిగూడ_పోరడు
ఏప్రిల్ 13, మధ్యాహ్నం 12:40

సెల్లార్ అక్కా, మీ నాయినకు దండం.

నిజాంపేట్_బాల్కనీ
మే 24, రాత్రి 9:50

ఇన్నాళ్ళకు మళ్ళీ వచ్చాను. అందరికీ థాంక్స్. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బోరు గుంట పని మొదలైంది. కంకర_ఇసుక గారి లెక్క కాగితం మీద రాసి చదివాను. "నెల రోజుల వాడకం కూడా కాదు" అన్న ముక్క చదవగానే ఒకాయన "అయితే ఎందుకు దండగ" అన్నారు. ప్రెసిడెంట్ గారే "175 ట్యాంకర్లు రోడ్డు మీద పారబోస్తున్నాం అంటుంటే దండగంటావేమిటయ్యా" అని నోరు మూయించారు. మీటర్లు వచ్చే ఏడాదికి వాయిదా. అద్దెవాళ్ళు, ఓనర్ల గొడవే.

కంపోస్టు 22 ఇళ్ళు చేస్తున్నాయి, 38 చేయడం లేదు. మా ఊడ్చే ఆమెకు కలిపే పనికి విడిగా నెలకు డబ్బు ఒప్పించాను. ఆమె మొదటి వారంలోనే మూడు ఇళ్ళ డబ్బాలు గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్ళింది. ఆ మూడింటిలో ఒకటి మాది. మా అత్తగారు టీపొడితో పాటు టీ ప్యాకెట్ కూడా వేశారట.

బీమా తొమ్మిది మందికి కట్టాం. ఇద్దరికి ఖాతా ఆధార్‌తో లింక్ కాలేదు, తిరుగుతున్నాం. హాలు సాయంత్రాలు తెరుస్తున్నాం కానీ వాచ్‌మన్ వాళ్ళ అబ్బాయి తప్ప బయటి పిల్లలు రావడం లేదు. పెద్దాయన గారూ, ఇంకేం చేయాలో చెప్పండి.

లిఫ్ట్ ఓటింగ్‌లో ఓడిపోయాం. 31కి 24. నోటీసు అంటించారు. "సామాను వేరు, మనిషి వేరు" అన్నప్పుడు చాలామంది తలూపారు, చేతులు మాత్రం అటు ఎత్తారు.

కింద బాత్‌రూమ్ మాత్రం సాధించాం. స్టిల్ట్‌లో మూల పాతది ఉంది, చీపుళ్ళు పెట్టుకునేవారు. బాగు చేయించి కమోడ్, నల్లా, బకెట్ పెట్టించాం.

సెల్లార్_గది
మే 24, రాత్రి 10:15

మేడం, ఆ బాత్‌రూమ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

నిజాంపేట్_బాల్కనీ
మే 24, రాత్రి 10:22

సెక్రటరీ గారి దగ్గర. శుభ్రంగా ఉండాలని.

సెల్లార్_గది
మే 24, రాత్రి 10:26

ఆయన ఫ్లాట్ ఎన్నో ఫ్లోర్?

నిజాంపేట్_బాల్కనీ
మే 24, రాత్రి 10:41

నాలుగు. అర్థమైంది. రేపు పొద్దున్నే ఆ తాళం తీయిస్తాను, లోపలి గడియ ఒక్కటే ఉంటుంది.

బర్కత్‌పుర_పెద్దాయన
మే 25, ఉదయం 5:25

పిల్లలు రావడం లేదంటే గేటు దగ్గర ఆపుతున్నారేమో చూడమ్మా. రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు రాయమంటే పదేళ్ళ పిల్ల ఎందుకు వస్తుంది? ముందు వాళ్ళ అమ్మల చేత చెప్పించు. మొదటి వారం పుస్తకాలు వద్దు, క్యారమ్స్ బోర్డు పెట్టు.

కంకర_ఇసుక
మే 25, ఉదయం 8:10

మేడం, నిన్న విడిగా పంపిన గుంట ఫొటోలు చూశాను. కేసింగ్‌కు జాలీ ఒక చుట్టే వేశారు, కనీసం రెండు చుట్లు కావాలి, లేకపోతే సన్న ఇసుక బోరులోకి దిగుతుంది. కంకర వేసేశాక ఇంక ఏమీ చేయలేం. జూన్ మొదటి వారంలో వాన పడొచ్చు, ఈ వారమే చేయించండి.

బాచుపల్లి_కొత్తగా
మే 25, ఉదయం 11:37

ఈ చర్చ ఇప్పుడే మొత్తం చదివాను. మాకూ పోయిన బోర్లు మూడున్నాయి. ఆ గుంట పని చేసిన మేస్త్రి నంబరు ఎవరైనా ఇస్తారా?

నిర్వాహకులు
మే 25, మధ్యాహ్నం 12:05

ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. @నిజాంపేట్_బాల్కనీ గారికి విడిగా మెసేజ్ పెట్టండి.